అంకణం ఎంత పలుకుతోంది?

2025 జూన్ ఆఖర్లో సంగతి. ఇంజనీరింగులో నా రూమ్మేటు ఒకడు నెల్లూరు నుంచి కార్లో హైదరాబాద్ తిరిగెళ్తూ ఉలవపాడు దగ్గర హైవే మీద ఇరుక్కుపోయాడు. మా కాలేజీ వాట్సాప్ గుంపులో మెసేజీ పెట్టాడు. "రోడ్డు మీద జనం కూర్చున్నారు. కరేడు రైతులంట. ఎప్పుడు వదుల్తారో తెలీదు. రేపు పొద్దున్నే క్లయింట్ కాల్ ఉంది" అని. పాపం అన్నాం అందరం. ఒకడు పక్క రూటు చెప్పాడు, ఇంకొకడు టోల్ డబ్బులు వెనక్కిమ్మని అడగరా అని జోకేశాడు. ఐదు నిమిషాలు గడిచాయో లేదో, అమెరికాలో ఉన్న మావాడొకడు అడిగాడు: "ఒరేయ్, ఆ పక్క అంకణం ఎంత పలుకుతోంది ఇప్పుడు?"

అంతే, గుంపు లేచి కూర్చుంది. రోడ్డు మీద కూర్చున్న వాళ్ళెవరు, ఎందుకు కూర్చున్నారు అని అడిగినవాడు లేడు. నేను కూడా అడగలేదు.

నెల్లూరోళ్ళు కాని వాళ్ళ కోసం చెప్తున్నాను, అంకణం అంటే ముప్ఫై ఆరు చదరపు అడుగులు. గజాల్లో చెప్పాలంటే నాలుగు గజాలు. మా జిల్లాలో ఇంటి స్థలం అయినా, పెళ్ళి సంబంధం అయినా, ఊరి భవిష్యత్తు అయినా అంకణాల్లోనే కొలుస్తాం. నా బాధ కూడా సరిగ్గా అదే. మా కోస్తాకి పోర్టు వచ్చినా, పవర్ ప్లాంటు వచ్చినా, ఎయిర్‌పోర్టు వస్తుందన్నా, బయట ఉద్యోగాలు చేసుకుంటున్న మనం అడిగే ప్రశ్న ఒక్కటే. ఆ ఒక్క ప్రశ్న అడిగే జనం ఉన్నంతకాలం నాయకులకి శంకుస్థాపన చేస్తే చాలు, కట్టక్కర్లేదు. ఎందుకంటే రేటు పెరిగేది శంకుస్థాపన రోజునే కదా!

ముందు నా తప్పు నేను ఒప్పుకుంటాను. 2008 జులైలో కృష్ణపట్నం పోర్టు ప్రారంభం చేశారు, సోనియాగాంధీ వచ్చింది. నాకప్పటికి ఉద్యోగం వచ్చి రెండేళ్ళు. పర్సనల్ లోన్ తీసుకుని ముత్తుకూరు రోడ్డులో నలభై అంకణాలు కొన్నాను. బ్రోకరు చూపించిన రంగుల మ్యాపులో నా ప్లాటు పక్కనే ఐటీ పార్కు, దాని పక్కన గోల్ఫ్ కోర్సు ఉన్నాయి. సెప్టెంబర్లో లేమన్ బ్రదర్స్ మునిగింది, నేను బెంచీ మీదకొచ్చాను, ఐటీ పార్కు మ్యాపులోనే ఉండిపోయింది :) ఇప్పుడా ప్లాట్లో నాలుగు హద్దు రాళ్ళు, వాటి మధ్య మనిషెత్తు సర్కారు తుమ్మ. ఐనా సరే, పేపర్లో పోర్టు గురించి ఏ వార్త వచ్చినా నా కళ్ళు వెతికేది ఆ నలభై అంకణాలనే. పదిహేడేళ్ళుగా ఇదే రోగం.

అక్కణ్ణుంచి ఇంకాస్త ముందుకెళ్తే మా మామ వాళ్ళ ఊరు. మా అమ్మకి సొంత తమ్ముడు. ఐదెకరాల వరి మాగాణి ఉండేది, ఇప్పుడు రెండెకరాలు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే మిద్దె మీద పడుకునేవాళ్ళం, అటు నుంచి ఉప్పు గాలి కొట్టేది. పోయిన సంక్రాంతికి వెళ్ళి మిద్దెక్కితే మా అత్త కేకేసింది, "తెల్ల చొక్కా ఏసుకోని యాడ కూర్చుంటా ఉండావబ్బయ్యా, మసి!" అని. పిట్టగోడ మీద వేలు పెట్టి గీస్తే నల్లగా అంటుకుంది. అది ఎవరి బొగ్గో, ఎవరి బూడిదో నేను చెప్పలేను. దుమ్ము మీద పేరు రాసి ఉండదు కదా. అందుకే ఎవరిని అడిగినా మాది కాదంటారు.

బొగ్గు ఎంతుందో ఒక్కసారి లెక్క చూడండి. నేలటూరులో జెన్‌కో వాళ్ళ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో ఎనిమిదొందల మెగావాట్ల యూనిట్లు మూడు. ఆ పక్కనే ప్రైవేటు వాళ్ళవి ఆరొందల అరవై మెగావాట్ల యూనిట్లు నాలుగు. ఈ రెంటికే ఐదు వేల మెగావాట్లు దాటింది. చిన్నవి వేరే ఉన్నాయి. ఇదంతా పోర్టు చుట్టూ, స్కూటర్ మీద ఒక పూటలో తిరిగి రాగలిగినంత జాగాలో. రాష్ట్రానికి కరెంటు కావాలి, ఒప్పుకుంటాను. నేను ఇది టైపు చేస్తున్న ల్యాప్‌టాప్ కూడా గాలితో నడవడం లేదు. కానీ ఏ ఊరి మిద్దె మీద మసి పడితే ఇంకెవరి ఊళ్ళో లైటు వెలుగుతోందో ఆ లెక్క ఎవరో ఒకరు రాయాలి కదా.

ఇక ప్రయాణాల సంగతి. 2019 సెప్టెంబర్ 1న వెంకటాచలం–ఓబులవారిపల్లె రైల్వే లైను ప్రారంభమైంది. అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు వచ్చారు. ఆయనది మా జిల్లానే. ఆ లైన్లో చెర్లోపల్లి దగ్గర వెలిగొండల్ని తొలిచి ఆరున్నర కిలోమీటర్లకి పైగా సొరంగం వేశారు. ఇంజనీరుగా చూస్తే ఒళ్ళు పులకరించే పని, ఎవరు కాదంటారు? మరి ఆ లైను దేనికేశారు? ప్రధానంగా పోర్టు సరుకు రాయలసీమ వైపుకి త్వరగా చేరడానికి. కొండని తొలిచైనా సరే బొగ్గుకి దారి చేశాం. మా అత్తకి?

అత్తకి వారానికి మూడు సార్లు నెల్లూరులో డయాలిసిస్. ఊరి నుంచి నెల్లూరుకి పాతిక కిలోమీటర్లు. పొద్దున్నే షేర్ ఆటోలో ముత్తుకూరు, అక్కడ బస్సు, నెల్లూరులో దిగాక ఇంకో ఆటో. తిరిగొచ్చేటప్పుడు ఒంట్లో ఓపిక ఉండదు, ఆటోలో ఎనిమిదోదాన్నో తొమ్మిదోదాన్నో అయ్యి కూర్చోవాలి. ఆటో నిండే దాకా రోడ్డు పక్కన ఎదురు చూస్తూ, దూరంగా పోయే గూడ్సు పెట్టెలు లెక్క పెడుతుందట. "యాభై ఎనిమిది ఉంటాయి అబ్బయ్యా, ఒక్కోసారి యాభై తొమ్మిది. మనుషులెక్కే పెట్టె ఒక్కటన్నా తగిలిచ్చి ఉంటే ఎంత బాగుండు" అంది నవ్వుతూ. ఆమె జోకుగానే అంది. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే మా ఇంటి ముంగిట్లో నుంచి పోయే పోర్టు లైన్లో మా వాళ్ళెవరూ ఇంతవరకూ ఒక్క టికెట్టు కొన్న పాపాన పోలేదు.

మనకి మాత్రం బాగానే ఉంది సుమండీ. సికింద్రాబాద్–తిరుపతి వందేభారత్ 2023 ఏప్రిల్లో వచ్చింది, నెల్లూరులో ఆగుతుంది. అదే ఏడాది సెప్టెంబర్లో విజయవాడ–చెన్నై వందేభారత్ వచ్చింది, అదీ ఆగుతుంది. సింహపురి, పినాకిని, నారాయణాద్రి ఉండనే ఉన్నాయి. నెలకోసారి ఊరికి వచ్చే నాలాంటి వాడికి ఏసీ బోగీలో కాఫీ కూడా ఇస్తారు. వారానికి మూడు సార్లు ఆస్పత్రికి వెళ్ళే మనిషికి టైముకి వచ్చే బస్సు లేదు. ఎందుకు? వందేభారత్ ఆగకపోతే మనం ట్విట్టర్లో గోల చేస్తాం, ఎంపీని ట్యాగ్ చేస్తాం. ముత్తుకూరు బస్సు రాకపోతే ట్యాగ్ చేసేవాడు లేడు.

నెల్లూరు టౌను గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను, అది అందరికీ తెలిసిన కథే. గట్టిగా గంట వాన పడితే మాగుంట లేఔట్ అండర్‌బ్రిడ్జి చెరువు. డ్రైనేజీ పైపుల కోసం తవ్విన రోడ్డు పూడ్చేసరికి ప్రభుత్వం మారింది. 2021 నవంబర్లో పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే కూడా తెగింది. మద్రాసుకీ కలకత్తాకీ మధ్య ఉన్న దారి మా ఊరి దగ్గర ఆగిపోయింది. సరిగ్గా ఆ నెలలోనే కార్పొరేషన్ ఎన్నికలు జరిగాయి. యాభై నాలుగు డివిజన్లుంటే యాభై నాలుగూ ఒకే పార్టీకి!

మా జిల్లా వాళ్ళు ఓటు వేస్తే అలాగే వేస్తాం లెండి. 2019లో పది అసెంబ్లీ సీట్లుంటే పదీ వైకాపాకి. 2024లో అవే పది సీట్లు పదీ తెదేపాకి. ఇంత స్పష్టంగా జనం మాట్లాడితే ఏ సిస్టమైనా కదలాలి. కదలదు. ఎందుకంటే పార్టీ మారుతుంది గానీ చాలాచోట్ల మనుషులు మారరు, వాళ్ళు కూడా పార్టీతో పాటే మారతారు. సర్వర్ అదే, లోగిన్ పేజీ రంగు మార్చినట్టు.

శంకుస్థాపనల లిస్టు ఒకటి నా దగ్గరుంది. లిస్టు అంటే ఎక్సెల్ షీటు ఏం కాదు, మనసులో గుచ్చుకున్నవి. దుగరాజపట్నంతో మొదలెడతాను. ఇంగ్లీషోళ్ళు మద్రాసు కన్నా ముందు, 1626 ప్రాంతంలో ఈ తీరంలో దిగి ఆర్మగాన్ అని పిలుచుకున్న ఊరు అదే. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలు తీసి చూడండి. అక్కడ కేంద్రం పెద్ద పోర్టు కడుతుందని, మొదటి దశ 2018 చివరికి పూర్తవుతుందని ఉంది. ఇది మేనేజరు నోటి మాట కాదండీ, పార్లమెంటు పాస్ చేసిన చట్టంలో రాసిన డెడ్‌లైన్. ఆ తేదీ దాటినా అక్కడ ఒక జెట్టీ అన్నా లేదు. మన ప్రాజెక్టు రెండు వారాలు లేటైతే ఎస్కలేషన్ మెయిళ్ళు ఎన్నొస్తాయో మీకు నేను చెప్పాలా?

రామాయపట్నం పోర్టుకైతే రెండు రాళ్ళు. 2019 జనవరిలో చంద్రబాబు గారు ఒకటి, 2022 జులైలో జగన్ గారు ఇంకొకటి. అదే సముద్రం, అదే ఇసక. దగదర్తి ఎయిర్‌పోర్టుకి కూడా 2019 ఎన్నికల ముందే రాయి పడింది. అక్కడ ఇప్పటిదాకా ఎగిరినవి కొంగలు మాత్రమే. కొడవలూరు మండలం రాచర్లపాడులో 1990లలో ఎరువుల ఫ్యాక్టరీ అని చెప్పి రెండు వేల ఎకరాలకి పైగా తీసుకున్నారు. ఎరువు గింజ కూడా తయారవలేదు, తర్వాత దాన్ని సెజ్ అన్నారు. కృష్ణపట్నం దగ్గర క్రిస్ సిటీకి 2020 డిసెంబర్లో కేంద్ర మంత్రివర్గం ఓకే చెప్తే, శంకుస్థాపన 2025 జనవరి 8న, అది కూడా విశాఖ నుంచి బటన్ నొక్కి. ఇది బాగుపడాలనే నేను కోరుకుంటున్నాను, నిజంగా. నా నలభై అంకణాలు అటువైపే ఉన్నాయి మరి :)

"ఇంత ఏడుస్తున్నావ్, నీకు అభివృద్ధి వద్దా? నువ్వు బెంగళూరు ఏసీలో కూర్చుని పల్లెటూళ్ళు పల్లెటూళ్ళుగానే ఉండాలంటావా?" అని మా గుంపులోనే ఒకడు కడిగేశాడు. న్యాయమైన ప్రశ్నే. పోర్టు వద్దని నేనట్లేదు. మా మామ చిన్న కొడుకు పోర్టులోనే పని చేశాడు, కంటైనర్ల వైపు. అక్కడే అసలు తేడా అర్థమైంది నాకు. కంటైనర్ వస్తే దాని వెనక మనుషులొస్తారు. విప్పేవాళ్ళు, సర్దేవాళ్ళు, లారీ డ్రైవర్లు, కస్టమ్స్ కాయితాలు రాసేవాళ్ళు, రొయ్యలు ప్యాక్ చేసే ఆడవాళ్ళు, వీళ్ళందరికీ టీ పోసేవాడు. బొగ్గు వస్తే కన్వేయర్ బెల్టు చాలు. 2020లో పోర్టు నవయుగ చేతిలోంచి అదానీ చేతికి మారింది. 2024 మొదట్లో కంటైనర్ నౌకలు రావడం ఆగిపోయి, తమిళనాడులో అదే యాజమాన్యం నడిపే పోర్టులకి మళ్ళాయని పెద్ద గొడవ జరిగింది. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్నవాళ్ళు ధర్నా చేశారు, అధికారంలో ఉన్నవాళ్ళు అదేం లేదన్నారు. మా గుంపులో ఏమైంది? ఏమీ అవలేదు. ఎందుకంటే కంటైనర్లు పోయినా అంకణం రేటు పడలేదు! వందల కుటుంబాల జీతం సంగతి మనకి వార్తే కాలేదు. పోర్టు వద్దా కావాలా అని కాదు నా ప్రశ్న. ఏ సరుకు, ఎవరి పని, ఎవరి మసి అని.

కరేడు దగ్గరికే వస్తాను. ఉలవపాడు మామిడికాయలు తినని నెల్లూరోడు ఉండడు. ఆ మండలంలోనే, సోలార్ కంపెనీ కోసం ఎనిమిది వేల ఎకరాలకి పైగా తీసుకుంటామన్నారు. మొదట ఆ కంపెనీకి రామాయపట్నం దగ్గరే వేరే ఊళ్ళలో అనుకున్నారు, ఆ భూమి రిఫైనరీకని చెప్పి దీన్ని ఇటు జరిపారు. మ్యాపు మీద జరపడం ఎంత తేలికో చూడండి, డ్రాగ్ అండ్ డ్రాప్. అటు జరిగిన బాక్సు కింద సపోటా తోటలున్నాయి, బోర్లున్నాయి, మత్స్యకారుల ఇళ్ళున్నాయి. వాళ్ళు హైవే మీదకి రావడం మా వాడి క్లయింట్ కాల్ చెడగొట్టడానికి కాదు. ఇంకెక్కడ కూర్చున్నా మనకి వినపడదని.

2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసం భూమి తీసుకోవాలంటే నూటికి ఎనభై మంది ఒప్పుకోవాలి, సామాజిక ప్రభావం మీద అధ్యయనం చెయ్యాలి. దీన్ని కొన్ని రకాల ప్రాజెక్టులకి సడలించుకునేలా మన రాష్ట్రం 2018లో సవరణ తెచ్చుకుంది. ఆ సవరణ వచ్చినప్పుడు మీలో ఎంతమందికి తెలుసు? నాకైతే తెలీదు. ఆ ఏడాది నేను రేరా రూల్స్ మాత్రం బట్టీ పట్టాను, బెంగళూరులో ఫ్లాట్ కొనాలని.

అందుకే మన వైపుకే వేలు చూపిస్తున్నాను. ఇదే జిల్లాలో, దూబగుంటలో, 1990ల మొదట్లో రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ మంట జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993లో ప్రభుత్వం సారాని నిషేధించింది. వాళ్ళలో చాలామందికి అప్పుడప్పుడే సంతకం పెట్టడం వచ్చింది. మనకి ఎన్ని భాషలొచ్చో రెజ్యూమేలో రాసుకుంటాం.

చేసేది పెద్ద విప్లవం కూడా కాదు. పవర్ ప్లాంటుకైనా, పోర్టు విస్తరణకైనా పర్యావరణ అనుమతి కోసం వందల పేజీల రిపోర్టు రాస్తారు. ప్రజాభిప్రాయ సేకరణకి కనీసం ముప్ఫై రోజుల ముందు దాన్ని బయట పెట్టాలి, 2006 నోటిఫికేషన్లో ఉంది. తెలుగులో ఇచ్చేది సారాంశం మాత్రమే, అసలు రిపోర్టు ఇంగ్లీషు. అనుమతి వచ్చాక కూడా ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న షరతులు ఎంతవరకు పాటిస్తున్నారో రిపోర్టు ఇవ్వాలి. మనం వారం వారం పంపే స్టేటస్ రిపోర్టు లాంటిదే. టేబుల్ 4లో ఒక అంకె, టేబుల్ 9లో ఇంకో అంకె ఉంటే పట్టుకునేది ఎవరు? రోజూ అదే పని చేసి జీతం తీసుకుంటున్న మనం కాకపోతే, సభలో మైకు ముందు నిలబడి "అయ్యా, మా చేలో దుమ్ము పడతా ఉండాది" అని మాత్రమే చెప్పగలిగే మా మామా?

దసరాకి వెళ్ళినప్పుడు ఈ ముక్క మామతో అన్నాను. ఆయనేం పొంగిపోలేదు. "నీ ప్లాటు అమ్మేస్తావా, ఉంచుకుంటావా అది చెప్పు ముందు" అన్నాడు. తప్పించుకోలేక ఉంచుకుంటానన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత బీరువాలోంచి ఒక పెన్ డ్రైవ్ తెచ్చి చేతిలో పెట్టాడు. పంచాయతీలో ఎవరో ఇచ్చారట, వాళ్ళ ఊరి పక్కన విస్తరణకి సంబంధించిన రిపోర్టు. "ఇందులో మన చెరువు పేరు ఉండాదేమో చూసి చెప్పు. లేదంటే ఆడ చెరువే లేదంటారంట రేపు" అన్నాడు.

బెంగళూరు వచ్చాక తెరిచాను. ఆరొందల పైచిలుకు పేజీలు. వెతుకుదామని చెరువు పేరు కొడితే ఏమీ రాలేదు, అంతా స్కాన్ చేసిన బొమ్మలే. ఇక చేసేదేముంది, రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక ఇరవై పేజీలు చదువుతున్నాను. నూట నలభయ్యో పేజీ దగ్గరున్నాను. పది కిలోమీటర్ల వ్యాసార్థంలో ఉన్న పక్షుల పేర్లన్నీ లాటిన్లో ఉన్నాయి. చెరువు ఇంకా రాలేదు.